మంచు ఎంత ఎత్తున కురుస్తోంది?



స్పానిష్ భాష అనగానే మన మనసులో ఎండే మెదులుతుంది. ఆలివ్ తోటలు, కరీబియన్ తీరాలు, ఉక్కపోత. ఆ భాష మాట్లాడేవాళ్ళకి మంచుతో పనేమిటి అనిపిస్తుంది. పని చాలానే ఉంది. స్పానిష్ అధికార భాషగా ఉన్న దేశాలు 20. భూమధ్యరేఖ పేరునే తన పేరుగా పెట్టుకున్న ఈక్వడార్‌లో కూడా మంచు కొండలున్నాయి. దక్షిణాన ఆ భాష అంటార్కిటికా దాకా వెళ్ళింది. అక్కడి ఎస్పెరాన్సా అనే అర్జెంటీనా స్థావరంలో 1978 జనవరి 7న ఎమీలియో మార్కోస్ పాల్మా పుట్టాడు. అంటార్కిటికా ఖండం మీద పుట్టినట్టు నమోదైన మొదటి మనిషి అతనే.

స్పానిష్‌లో మంచు గురించి ఎలా మాట్లాడతారో ఈ రోజు చెప్పుకుందాం. మాటలతో పాటు ఒక సంగతి మీ ముందు పెట్టాలని నా కోరిక. మనకి చలి అంటే ఒక కాలం. ధనుర్మాసం, సంక్రాంతి ముందు తెల్లవారుజాములు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో చాలాచోట్ల మంచు అంటే ముందుగా ఒక ఎత్తు. ఎప్పుడు కురిసిందో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఏ ఎత్తున కురిసిందో తెలుసుకోవడం అంతకంటే అవసరం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా మాటలు వాటంతట అవే వరసలోకి వస్తాయి.

ముందు మాటల సంగతి. ఆకాశం నుంచి పడే మంచుని ‘నియెవె’ అంటారు. ఇందులో ‘వె’ని పలికేటప్పుడు పెదవులు రెండూ దాదాపు తాకినట్టుండాలి. మన ‘వ’కీ ‘బ’కీ నడుమ ఉంటుంది ఆ శబ్దం. మంచు కురవడం ‘నెవార్’. మనం ‘మంచు కురుస్తోంది’ అంటాం. అంటే కురిసేది మంచు అని చెబుతాం. స్పానిష్‌లో ఆ చెప్పడం ఉండదు. ‘నియెవా’ అంటే చాలు, ఒక్క మాటే పూర్తి వాక్యం. ఇప్పుడు, ఈ క్షణాన కురుస్తోంది అని నొక్కి చెప్పాలంటే ‘ఎస్తా నెవాందో’. కురవబోతోంది అంటే ‘వా ఆ నెవార్’. కురిసింది అంటే ‘నెవో’. ఈ రోజు పొద్దున్నే కురిసిందనుకోండి, స్పెయిన్‌లో ఎక్కువమంది ‘ఆ నెవాదో’ అంటారు. మెక్సికోలోనో అర్జెంటీనాలోనో అయితే ‘నెవో’ అనేస్తారు. రెండూ సరైనవే.

‘నెవార్’లో ‘నె’ ఉంది, ‘నియెవా’లో ‘నియె’ ఎలా వచ్చిందని సందేహం రావచ్చు. ఊనిక ఆ అక్షరం మీద పడినప్పుడు ‘ఎ’ విరిగి ‘ఇయె’ అవుతుంది. ఊనిక తప్పుకోగానే మళ్ళీ ‘ఎ’ అయిపోతుంది. అందుకే ‘నియెవె’, ‘నియెవా’. అందుకే ‘నెవో’, ‘నెవాదా’. ‘నెవాదా’ అంటే ఒకసారి పడిన మంచు. పెద్దగా పడితే ‘గ్రాన్ నెవాదా’.

ఇక చలి. ‘చలిగా ఉంది’ అనడానికి ‘ఆసె ఫ్రీయో’. స్పెయిన్‌లో చాలామంది నాలుక పళ్ళ మధ్య పెట్టి ‘ఆథె ఫ్రీయో’ అంటారు. ఇది బయటి చలి. నాకు చలేస్తోంది అనాలంటే ‘తెంగో ఫ్రీయో’, అంటే నా దగ్గర చలి ఉంది. ఇక్కడ ఇంగ్లీషు మీదుగా వెళ్ళేవాళ్ళు ‘సోయ్ ఫ్రీయో’ అని పడిపోతారు. ఆ మాటకి అర్థం ‘నేను ప్రేమాభిమానాలు లేని మనిషిని’ అని. తెలుగు మీదుగా వెళ్తే ఆ గొయ్యి తగలదు. మనం ఎప్పుడూ ‘నేను చలిగా ఉన్నాను’ అనం, ‘నాకు చలేస్తోంది’ అంటాం. చలి మనిషికి పట్టే ఒక వస్తువు అన్న ఎరుక మన భాషలోనూ ఉంది, వాళ్ళ భాషలోనూ ఉంది. అందుకే ‘చాలా చలి’ అనడానికి ‘మూచో ఫ్రీయో’ అంటారు. చలి అక్కడా నామవాచకమే. ఇలాంటి చోట్ల మన తెలుగుని నమ్ముకోండి, అది దారి చూపిస్తుంది.

ఒక్కచోట మాత్రం తెలుగు వాళ్ళం జాగ్రత్తపడాలి. తెల్లవారుజామున పొలం గట్టు మీద ఏమీ కనిపించకుండా కమ్మేసేదీ మనకి మంచే. గడ్డి మీద మెరిసే బొట్లూ మంచే. హిమాలయాల మీదిదీ మంచే. స్పానిష్ వీటిని దేనికది విడదీస్తుంది. కమ్మేసేది ‘నియెబ్లా’. గడ్డి మీది బొట్లు ‘రొసీయో’. ఆ తేమే గడ్డకట్టి తెల్లటి పొరగా ఆకుల మీద పేరుకుంటే ‘ఎస్కార్చా’. గడ్డకట్టించే చలి రాత్రిని ‘ఎలాదా’ అంటారు; పంటలు పోయాయని రైతు చెప్పేటప్పుడు వినపడే మాట అది. గట్టిపడ్డ గడ్డ ‘యేలో’. వానా మంచూ కలిసి పడితే ‘అగ్వానియెవె’, వడగళ్ళయితే ‘గ్రనీసో’. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో శీతాకాలం చూసి వచ్చినవాళ్ళు అక్కడి అనుభవం ఒక స్పానిష్ మిత్రుడికి చెప్పాలనుకుంటే ‘నియెవె’ అనకూడదు. పొద్దున చూసింది ‘నియెబ్లా’, బాగా చల్లటి రోజున గడ్డి మీద తెల్లగా కనిపించింది ‘ఎస్కార్చా’. లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టే ఆంధ్ర దేశంలో అంత చలి అక్కడ. ఎత్తు మాట మన నేల మీదా నిజమే.

ఇప్పుడు ఆ ఎత్తు దగ్గరికే వద్దాం. చలికాలంలో స్పెయిన్ వాతావరణ వార్తలు వింటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. ‘కోతా దె నియెవె’. ‘కోతా దె నియెవె ఎన్ ఓచోసియెంతోస్ మేత్రోస్’ అంటారు. మంచు గీత 800 మీటర్ల దగ్గర ఉంది అని. అంతకు పైన ఉన్న ఊళ్ళలో మంచు పడుతుంది, కింద ఉన్న ఊళ్ళలో అదే మబ్బు నుంచి వాన పడుతుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క. ఒక ఎత్తుకి వచ్చేసరికి ఉష్ణోగ్రత సున్నాకి చేరుతుంది. అయితే మంచు రేకు ఆ సున్నా గీత దాటగానే కరిగిపోదు, కరగడానికి దానికి కొంత సమయం కావాలి. అందుకే సున్నా గీతకి రెండు మూడు వందల మీటర్ల దిగువ దాకా మంచు మంచుగానే దిగివస్తుంది. ఆ దిగువ హద్దే ‘కోతా’.

స్పెయిన్ సగటు ఎత్తు 600 మీటర్ల పైమాటే. దేశం నడిమధ్య అంతా ఒక పెద్ద పీఠభూమి. రాజధాని మాద్రిద్ దాదాపు 650 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి ‘కోతా’ 1,000 మీటర్లంటే మాద్రిద్ వాసి గొడుగు తీస్తాడు. 600 అంటే బూట్లు వెతుక్కుంటాడు. ఊరి వెనకే ఉన్న నవాసెర్రాదా కనుమ 1,800 మీటర్ల పైన ఉంటుంది, అక్కడ మంచు మామూలే. ఒక అంకె విని తన రోజు ఎలా గడుస్తుందో అంచనా వేసుకోవడం అక్కడి జనానికి అలవాటు.

2021 జనవరిలో ఒక మంచు తుఫానుతో ఆ గీత బాగా కిందికి దిగింది. ఆ తుఫానుకి ఫిలోమేనా అని పేరు పెట్టారు. ఇలాంటి తుఫానుని స్పానిష్‌లో ‘బొర్రాస్కా’ అంటారు. దక్షిణం నుంచి తేమ నిండిన గాలి వచ్చింది. దేశం మీద అప్పటికే గడ్డకట్టే చలి పరుచుకుని ఉంది. తేమ ఆ చలి మీదికెక్కింది. జనవరి 8, 9 తేదీల్లో మాద్రిద్‌లో కొన్నిచోట్ల అర మీటరు మందాన మంచు పడింది. అర్ధ శతాబ్దంలో ఆ ఊరు అంతటి మంచు చూడలేదు. బరాహాస్ విమానాశ్రయం మూతపడింది, రైళ్ళు ఆగాయి. నగరం నడిబొడ్డున గ్రాన్ వీయా వీధిలో జనం స్కీయింగ్ చేశారు. ఆ బరువుకి ఊళ్ళో చెట్ల కొమ్మలు లెక్కలేనన్ని విరిగాయి. తర్వాత ఆకాశం తేటపడింది, అసలు చలి అప్పుడు మొదలైంది. తేరువెల్ ప్రాంతంలోని బెయ్యో అనే చిన్న ఊళ్ళో ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 25 డిగ్రీలు దాటింది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో వినిపించిన మాట ‘కితానియెవెస్’. రోడ్డు మీది మంచుని తోసేసే బండి అది. ఏ వీధికి వచ్చింది, ఏ వీధికి రాలేదు అన్నదే అప్పటి ముచ్చట.

దక్షిణాన గ్రనాదా నగరానికి వెళ్దాం. ఊరి పక్కనే సియెర్రా నెవాదా, అంటే మంచు పడ్డ కొండల వరస. అందులో ములాసెన్ శిఖరం 3,470 మీటర్లు దాటుతుంది. స్పెయిన్ ప్రధాన భూభాగంలో అంతకు మించిన శిఖరం లేదు. ఆ కొండల నుంచి దక్షిణానికి చూస్తే మధ్యధరా సముద్రం కనిపిస్తుంది. ఆ తీరాన మామిడి కాస్తుంది, చిరిమోయా కాస్తుంది. చిరిమోయా మన సీతాఫలానికి దగ్గరి చుట్టం. పైన మంచు, కింద సీతాఫలం, మధ్యలో ఎత్తు ఒక్కటే తేడా.

మంచు గడ్డ తయారుచేసే యంత్రాలు రాకముందు గ్రనాదా వాళ్ళు చల్లటి నీళ్ళు ఎలా తాగారు? ‘నెవేరో’లు అనే పనివాళ్ళు వేసవిలో కొండ ఎక్కి, నీడన కరగకుండా మిగిలిన మంచుని కొట్టి, కంచర గాడిదల మీద వేసుకుని రాత్రివేళ దిగి వచ్చేవారు. ఎండ పొడిచేలోపు ఊరు చేరితేనే సరుకు దక్కేది. వాళ్ళు నడిచిన బాటని ఇప్పటికీ ‘కమీనో దె లోస్ నెవేరోస్’ అంటారు. ముర్సియా దగ్గర సియెర్రా ఎస్పూన్యాలో అయితే కొండ మీద పెద్ద పెద్ద రాతి గుంటలు కట్టారు. చలికాలంలో మంచుని అందులో తొక్కి, పొరల మధ్య గడ్డి పరిచి వేసవి దాకా దాచేవారు. ఆసుపత్రుల్లో జ్వరాలకి, చేపలు చెడకుండా ఉంచడానికి, ధనవంతుల విందుల్లో పానీయాలకి ఆ మంచే దిక్కు. ఈ రోజు స్పెయిన్‌లో ఇంట్లోని ఫ్రిజ్‌ని ‘నెవేరా’ అంటారు. మంచు దాచే చోటు అని. కరెంటుతో నడిచే పెట్టెలో ఆ కూలీల కష్టం పేరుగా నిలిచిపోయింది. ఇదే ఫ్రిజ్ అర్జెంటీనాలో ‘ఎలదేరా’, మెక్సికోలో ‘రెఫ్రిహెరదోర్’. మెక్సికోలో ‘నియెవె’ కావాలని అడిగితే నిమ్మరసంతోనో పళ్ళతోనో చేసిన చల్లటి మిఠాయి గిన్నెలో పెట్టి ఇస్తారు.

స్పెయిన్ రైతుకి మంచు అంటే నీళ్ళ మూట. ‘ఆన్యో దె నియెవెస్, ఆన్యో దె బియెనెస్’ అని వాళ్ళ సామెత. మంచు పడ్డ ఏడు సిరుల ఏడు. వాన పడగానే పారిపోతుంది, మంచు కొండ మీద ఆగి నెమ్మదిగా దిగుతుంది. సియెర్రా నెవాదా వాలులో అరబ్బుల కాలం నుంచీ ‘ఆసేకియా’లనే కాలవలున్నాయి. వసంతంలో కరిగిన నీటిని ఆ కాలవలు కొండ వాలు మీదికి మళ్ళించి నేలలోకి ఇంకేలా చేస్తాయి. నెలల తర్వాత, ఎండలు ముదిరాక, ఆ నీరే కింది ఊళ్ళలో ఊటలై వస్తుంది.

నియెవెస్ అనేది ఆడపిల్ల పేరు కూడా. పూర్తిగా ‘మరీయా దె లాస్ నియెవెస్’. నాలుగో శతాబ్దంలో రోమ్‌లో ఎండాకాలం నడుమ మంచు కురిసి మరియమ్మకి గుడి కట్టవలసిన చోటుని చూపించిందని ఐతిహ్యం. అందుకే మంచు మాత పండుగ ఆగస్టు 5న, మండుటెండల్లో వస్తుంది. ఆ రోజు త్రెవేలెస్ అనే కొండ ఊరివాళ్ళు ములాసెన్ శిఖరానికి యాత్రగా వెళ్తారు. మన పొరుగున తమిళనాడు తూత్తుకుడిలో పనిమయ మాత పేరుతో వెలసినదీ ఈ తల్లే, అక్కడి ఉత్సవం ముగిసేదీ ఆగస్టు 5నే. మన ఇళ్ళలోనూ హిమబిందులు, హిమజలు ఉన్నారు కదా. మంచు పడని ఊళ్ళోనూ మంచు పేరు పిల్లకి పెట్టుకోవాలనిపిస్తుంది.

అట్లాంటిక్ దాటి ఆండీస్ పర్వతాలకు వెళ్తే ఎత్తు ఇంకా బలంగా మాట్లాడుతుంది. అక్కడ మంచు శిఖరాన్ని ‘నెవాదో’ అంటారు. విశేషణమే కొండకి పేరైపోయింది. ఈక్వడార్‌లో కయాంబె అనే అగ్నిపర్వతం ఉంది. దాని దక్షిణపు వాలు మీదుగా భూమధ్యరేఖ పోతుంది. ఆ రేఖ మీద ప్రపంచం మొత్తంలో మంచు నిలిచే చోటు అదొక్కటే. ఈక్వడార్‌లో ‘ఇన్వియెర్నో’ అంటే వానాకాలం, ‘వెరానో’ అంటే వానలు లేని కాలం. మాద్రిద్‌లో అవే మాటలకి చలికాలం, ఎండాకాలం అని అర్థం. చలికాలంలో మంచు పడుతుందా అని ఈక్వడార్ రాజధాని కీతో వాసిని అడగడంలో అర్థం లేదు. పైన ఎప్పుడూ ఉంటుంది, కింద ఎప్పుడూ ఉండదు.

ఆ పైన ఉన్నది కిందికి వస్తే ఎంత ఘోరమో కొలంబియాకి తెలుసు. 1985 నవంబరు 13 రాత్రి నెవాదో దెల్ రూయిస్ అగ్నిపర్వతం పేలింది. పేలుడు మరీ పెద్దది కాదు. అయినా ఆ వేడికి శిఖరం మీది మంచు గడ్డ కరిగి, బూడిదతో, రాళ్ళతో కలిసి బురద వరదగా లోయల్లోంచి దూకింది. ఆర్మేరో అనే ఊరు ఆ బురద కింద పూడిపోయింది. ఇరవై వేల మందికి పైగా చనిపోయారు. వేడి మైదానంలో, వరి, పత్తి పండే నేల మీద ఉన్న ఊరు అది. అక్కడివాళ్ళని చంపింది ఎన్నో కిలోమీటర్ల దూరాన, ఐదు వేల మీటర్ల ఎత్తున ఉన్న మంచు. ఎత్తుని మరిచిపోకూడదని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఆర్మేరో ఒక కారణం.

ఇంకా దక్షిణానికి, చిలీ, అర్జెంటీనాలకు వెళ్తే కాలం తలకిందులవుతుంది. అక్కడ మంచు నెలలు జూన్, జూలై, ఆగస్టు. బ్వేనోస్ ఐరెస్ నగరం సముద్రమట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడ మంచు పడటం అరుదు. 2007 జూలై 9న, సరిగ్గా అర్జెంటీనా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, పడింది. అంతకు ముందు ఆ నగరంలో అలా పడింది 1918లో. ముసలివాళ్ళు కూడా వీధుల్లోకి వచ్చి మంచు ఏరుకున్నారు.

ఆండీస్‌లో బాగా ఎత్తున, గాలి పొడిగా, ఎండ తీవ్రంగా ఉన్న చోట మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. ఎండ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తినేయడంతో నిలువెత్తు మంచు కత్తులు లేచి నిలబడతాయి. ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో పొడవాటి టోపీలతో ఊరేగే భక్తుల్లా కనిపిస్తాయని వాటిని ‘పెనితెంతెస్’ అన్నారు. 1835లో ఆండీస్ దాటుతూ చార్లెస్ డార్విన్ వాటిని చూసి రాశాడు. ఈ రోజు ఏ దేశపు శాస్త్రవేత్తలైనా ఆ స్పానిష్ పేరుతోనే పిలుస్తారు.

అదే కొండల్లో భయపెట్టే మాట ‘వియెంతో బ్లాంకో’, తెల్ల గాలి. నేలా ఆకాశమూ ఒకటైపోయి అడుగు దూరం కనిపించని మంచు తుఫాను. 2005 మే 18న చిలీలోని అంతూకో అగ్నిపర్వతం వాలులో కవాతుకి పంపిన యువ సైనికులు ఇందులో చిక్కుకున్నారు. 45 మంది చనిపోయారు. చాలామందికి సరైన చలి దుస్తులు కూడా లేవు. చిలీలో ఆ మాట వింటే ఇప్పటికీ ఆ పిల్లలే గుర్తొస్తారు.

స్పానిష్ పాఠ్యపుస్తకాల్లో ‘నియెవెస్ పెర్పేతువాస్’ అని ఒక మాట ఉంటుంది. ఎన్నటికీ కరగని మంచు అని. ఆ మాట ఇప్పుడు నిలబడటం లేదు. బొలీవియాలో 5,000 మీటర్ల పైన ఉన్న చకల్తాయా వాలు మీద ఒకప్పుడు స్కీయింగ్ చేసేవారు. అక్కడి హిమానీనదం 2009 నాటికి పూర్తిగా పోయింది. పెరూలో కొయ్యుర్ రితి అనే పండుగ ఉంది, 2011లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ యాత్రలో ఎలుగుబంటి వేషం కట్టినవాళ్ళు హిమానీనదం నుంచి గడ్డలు కోసి వీపున మోసుకుని తెచ్చేవారు. ఆ నీరు ఊరికి తీర్థం. మంచు వెనక్కి పోతుండటం చూసి వాళ్ళే ఆ ఆచారం మానుకున్నారు. కొండ మీది భక్తితో తమ హక్కుని తామే వదులుకున్న ఆ జనానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఇదంతా మనకెందుకు అనుకునే శ్రోతలకి ఒక మాట. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకి స్పానిష్ ఇరుగుపొరుగు భాష. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుఫాను ముంచెత్తినప్పుడు లక్షలాది ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టాయి. డాలస్‌లో, హ్యూస్టన్‌లో, ఆస్టిన్‌లో తెలుగు కుటుంబాలూ స్పానిష్ మాట్లాడే కుటుంబాలూ ఒకే చలిలో ఉన్నాయి. అలాంటి రోజు కోసం నాలుగు వాక్యాలు నేర్చుకుని ఉంచుకోండి. ‘సె ఫ్వే లా లూస్’, కరెంటు పోయింది. వాళ్ళకీ అది ‘పోతుంది’, మనలాగే. ‘సె కొంహెలారోన్ లాస్ తుబెరీయాస్’, గొట్టాలు గడ్డకట్టాయి. ‘తియెనెన్ ఫ్రీయో లోస్ నీన్యోస్?’, పిల్లలకి చలేస్తోందా? ‘పాసెన్, పాసెన్’, రండి, లోపలికి రండి. ఈ చివరి మాట మిగతా అన్నిటికంటే ముందు నేర్చుకోవలసినది.

కొత్త భాషలో వాతావరణం గురించి మాట్లాడటం మొదటి పాఠంలోనే చెప్పేస్తారు. వాన, ఎండ, మంచు, చలి అని నాలుగు బొమ్మలు చూపించి ముందుకి పోతారు. నా విన్నపం ఏమిటంటే, అక్కడ ఆగండి. స్పెయిన్ రేడియో ఏదైనా చలికాలంలో పెట్టి వినండి. ‘కోతా దె నియెవె’ అన్నాక వచ్చే అంకె రాసుకోండి. పటం తీసి ఆ ఎత్తుకి పైన ఏ ఊళ్ళున్నాయో, కింద ఏ ఊళ్ళున్నాయో చూడండి. ‘నెవాదో’ అన్న పేరు పటంలో కనిపిస్తే దాని కింద లోయలో ఎవరు కాపురముంటున్నారో చూడండి. అలా నేర్చుకున్న భాషలో కొండా, నీళ్ళూ, మనుషులూ ఉంటారు. స్పానిష్ మాట్లాడే మిత్రుడు ‘నియెవా’ అన్నప్పుడు మీరు ‘ఆ కె అల్తూరా?’ అని అడగండి. ఎంత ఎత్తున? ఆ ప్రశ్న అడిగినవాడికి తమ దేశం గురించి తెలుసని అతనికి అర్థమవుతుంది, మాటలు అక్కణ్ణుంచి సాగుతాయి.